చెయ్యి నేర్చుకున్న తప్పు

మార్చి 10, సోమవారం

కొత్త బ్యాచ్‌కి ఈ రోజు మొదటి క్లాసు. ఆరుగురు. అందరి మొహాల్లోనూ ఒకటే దిగులు, జెట్ నడుపుదామని చదివి ఇండోనేషియా దీవుల చివర ఈ కుపాంగ్‌లో ఫ్యాన్ల విమానం పాలపడ్డామే అని. ప్రయాణికులకీ మేమంటే చిన్నచూపే. మెట్లెక్కుతూ ప్రొపెల్లర్ వంక చూసి, ఇదింకా తాతల నాటిదేనా అని గొణుగుతారు. వాళ్ళ ఊళ్ళలో ఉన్న పొట్టి రన్‌వేల మీద జెట్ దిగలేదనీ, దిగినా ఆగేది సముద్రంలోనేననీ ఎవరికి చెప్పాలి? ఈ ఫ్యాన్లే లేకపోతే లరాంతుకా, లెవొలెబా, ఆలోర్ మ్యాపులో చుక్కలుగా మిగిలేవి.

అందుకే నేను క్లాసు ఎప్పుడూ వంశచరిత్రతో మొదలుపెడతాను. ఎనభైల్లో ఫ్రాన్సూ ఇటలీ కలిసి కన్న బిడ్డ ఇది. ముందు నలభై ఎనిమిది సీట్ల చిన్నది పుట్టింది. తర్వాత నడుము సాగదీసి డెబ్బై సీట్ల పెద్దది చేశారు. నాలుగు రెక్కల ప్రొపెల్లర్ పోయి ఆరు రెక్కలది వచ్చింది. కొన్ని మార్పులు సుఖం కోసం వచ్చాయి, కొన్నింటి వెనక ఎవరో ఏడ్చిన కథ ఉంది. చలిదేశంలో ఒకటి రెక్కల మీద మంచు పేరుకుని కూలిపోతే, ఆ మంచు ఊడగొట్టే రబ్బరు పట్టీల్ని వెడల్పు చేశారు. ఇంకో దేశంలో ఒక ఇంజన్ ఆగిపోతే కెప్టెన్ పొరపాటున బాగున్న ఇంజన్‌ని ఆపేశాడు. విమానం నదిలో పడింది.

ఇక్కడ నా పాత జోకు వేశాను. ఎడమేదో కుడేదో తెలియనివాడు ఒజెక్ బండి మీద కిరాయికి మనుషుల్ని తిప్పుకోవాలి గానీ విమానం ఎందుకెక్కాలి అని. పడీపడీ నవ్వారు. కొర్నెలిస్ అని ఒక ఫ్లోరెస్ దీవి కుర్రాడు మాత్రం నవ్వలేదు. ఆ కెప్టెన్‌కి ఆలోచించుకోడానికి ఎంత టైం దొరికింది సార్ అని అడిగాడు. పరీక్షలో రాదులే అన్నాను.

మంచి క్లాసు. ఇంటికొస్తూ కూనిరాగం తీశాను.

మార్చి 12, బుధవారం

మౌమెరె నుంచి లేవగానే ఎడమ ఇంజన్‌లోకి పక్షి వెళ్ళింది. ఒక్క ఇంజన్‌తో కుపాంగ్ తెచ్చాను. అందరూ క్షేమం. మిగతాది రాయలేను.

మార్చి 13, గురువారం

నిన్న తెచ్చాను అని రాశాను. ఆ మాట కొట్టేద్దామని పెన్ను తీసి మళ్ళీ పెట్టేశాను. ఉండనీ. నేనెలాంటివాణ్ణో తెలియడానికి పనికొస్తుంది.

జరిగింది ఇది. చక్రాలు లోపలికి ముడుచుకున్నాయి. కింద సముద్రం. ఎడమవైపు దభీమని చప్పుడు, వెంటనే కాలిన ఈకల వాసన. విమానం ఎడమకి గుంజింది. అంటే పోయింది ఒకటో నంబరు ఇంజన్, ఎడమది. నా కాలికి తెలుసు. నేను ఆలోచించే లోపే కుడి కాలు పెడల్ తొక్కి విమానాన్ని తిన్నగా పట్టుకుంది. తప్పు చేసింది చెయ్యి. నా కుడి చెయ్యి రెండో నంబరు ఇంజన్ పవర్ పెంచి తగ్గించే లివర్‌ని పట్టుకుని వెనక్కి లాగేసింది. బాగున్న ఇంజన్‌ది.

రూలేమిటంటే, లివర్ మీద చెయ్యి వేసి, దాని నంబరు పైకి చెప్పి, పక్కసీటు మనిషి ఔనన్నాకే కదపాలి. ఈ రూలు కుర్రాళ్ళకి నేర్పేది నేనే. పదిహేనేళ్ళుగా.

నా కో-పైలట్ లామ్రియా తన ఎడమ చేతిని నా చేతి మీద వేసి, చేతితో సహా లివర్‌ని ముందుకు తోసేసింది. ఆమె గోరు నా చెయ్యి వెనక గీరుకుంది. రెండు క్షణాలో మూడు క్షణాలో. ఆ కాసేపూ ఎడమ ఇంజన్ చచ్చి ఉంది, కుడిదాన్ని నేను చంపుతున్నాను. వెనక అరవై మంది ఉన్నారు, ఒళ్ళో పిల్లలతో, కాళ్ళ దగ్గర ఎండుచేపల మూటలతో.

తర్వాత నలభై నిమిషాలు సముద్రం మీద. చెక్‌లిస్ట్ తప్ప ఇంకో మాట లేదు. ఆమె చదివింది, నేను చేశాను.

కుపాంగ్‌లో దిగాక చప్పట్లు. ఒక ముసలావిడ నా కుడి చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. లామ్రియా వెనక నిలబడి చెక్‌లిస్ట్ కాగితాలు సర్దుకుంటోంది. ఆమె వైపు చెయ్యి చూపించి, ఈమెకి చెప్పండమ్మా అనడానికి ఎంతసేపు? అనలేదు.

ఇంకొకటి కూడా రాయాలి. కాక్‌పిట్‌లో మా మాటలు పట్టుకునే పెట్టె ఒకటుంటుంది. రెండు గంటల మాటలే దాస్తుంది. కరెంటు ఆపకపోతే కొత్త చప్పుళ్ళు పాత మాటల మీద పడి చెరిపేస్తాయి. అందుకే ఇలాంటిది జరిగినప్పుడు, దిగగానే నా సీటు వెనకున్న స్విచ్చుని లాగెయ్యడం కెప్టెన్‌గా నా పని. ఆ స్విచ్చుని చూశాను. ఇంజనీర్లు చూసుకుంటారులే అనుకుని దిగిపోయాను. వాళ్ళు కరెంటు పెట్టుకుని పొద్దుగూకే దాకా పని చేశారు. ఇప్పుడా పెట్టెలో వాళ్ళ స్పానర్ల చప్పుడు, వాళ్ళ బూతు జోకులు ఉంటాయి.

మర్చిపోయానా? లేదు.

రంజాను నెల. ఎగిరే రోజు ఉపవాసం ఉండొద్దని కంపెనీ రూలు, కాబట్టి కడుపునిండా తినే వెళ్ళాను. ముందు రోజు బాగా నిద్ర కూడా పట్టింది. ఉదయం నుంచీ ఒక సాకు కోసం వెతుకుతున్నాను. దొరకలేదు.

మార్చి 14, శుక్రవారం

వెనింగ్ నా చేతి మీద గీత చూసి ఇదేమిటండీ అంది. పిల్లి గీరింది అన్నాను. మనకి పిల్లెక్కడిది అంది. ఎయిర్‌పోర్టు పిల్లి అన్నాను. నాతో కాపురం చేసి ఇరవై ఏళ్ళు దాటిన మనిషి ఆవిడ. పిల్లికి ఒకటే గోరు ఉంటుందా అని అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మార్చి 17, సోమవారం

సాయంత్రం ఉపవాసం విడిచాక చీఫ్ పైలట్ సుబియక్తో పిలిపించాడు. ఇద్దరం జావా వాళ్ళమే, ఒకే ఏడు కంపెనీలో చేరాం. టీ తెప్పించాడు. ముందు మా ఊరి వానల గురించి మాట్లాడాడు. అసలు విషయానికి రావడానికి మా వాళ్ళకి ఎప్పుడూ రెండు కప్పుల టీ పడుతుంది.

మాటలు చెరిగిపోయినా, విమానం నడక రాసుకునే పెట్టె ఇంకోటి ఉంది. దాన్ని ఎవరూ చెరపలేరు. రెండో నంబరు లివర్ వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకి వచ్చినట్టు అందులో గీత గీసినట్టుగా ఉందట. కానీ వెనక్కి లాగిన చెయ్యి ఎవరిదో, ముందుకి తోసిన చెయ్యి ఎవరిదో ఆ పెట్టెకి తెలియదు.

లామ్రియా ఉన్నదున్నట్టు చెప్పిందట. సుబియక్తో నవ్వాడు. చూడు ప్రసోజో, ఆ బతక్ జాతి పిల్ల నోరు మనకి కొత్తా? వాళ్ళ ఇళ్ళల్లో ఉప్పందుకోమన్నా పోట్లాటలాగే వినపడుతుంది. కంగారులో తనే లాగేసి ఉంటుంది, నువ్వు సర్దేసి ఉంటావు, ఇప్పుడు ఉద్యోగం పోతుందని తిరగేసి చెబుతోంది, అంతే కదా అన్నాడు.

నేను ఇంగ్గి అన్నాను.

మా జావా మాట అది. ఔననే అర్థమూ ఉంది, వింటున్నాను చెప్పండి అనే అర్థమూ ఉంది. ఊ కొట్టడం. అత్తగారు కూర బాగుందా అంటే ఇంగ్గి. పక్కింటాయన మీ గోడ నా స్థలంలోకి జరిగిందంటే ఇంగ్గి, ఆ తర్వాత గోడ ఉన్నచోటే ఉంటుంది. ఏ ఊకి ఏ అర్థమో పసిగట్టడం మాకు వెన్నతో పెట్టిన విద్య. నాది ఏ ఊయో సుబియక్తోకి తెలియకపోలేదు. కానీ ఆఫీసు కాగితం ఇండోనేషియా భాషలో రాయాలి. అందులో ఆ మాటకి ఒకటే అర్థం. కెప్టెన్ ఔనన్నారు అని నా ఎదుటే రాశాడు.

చూస్తూ కూర్చున్నాను. మిగిలిన టీ తాగాను కూడా.

ఊ కొట్టాను గానీ అబద్ధం ఆడలేదని మెట్లు దిగుతూ నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. బయటికొచ్చేసరికి, అబద్ధాలన్నిటిలోకీ పిరికి అబద్ధం అదేనని తెలిసిపోయింది.

మార్చి 19, బుధవారం

లామ్రియాని విమానం ఎక్కనివ్వడం మానేశారు. పండుగ సెలవులయ్యాక విచారణ. కంగారులో బాగున్న ఇంజన్ తగ్గించింది, ఆపైన నింద కెప్టెన్ మీద వేసింది. ఇవీ ఆరోపణలు. రుజువైతే ఉద్యోగం ఒక్కటే కాదు పోయేది. ఈ దేశంలో ఇంకే కంపెనీ ఆమెని గడప తొక్కనివ్వదు. ఎగరడం అక్కడితో సరి.

జూన్‌లో కెప్టెన్ పరీక్షకి కూర్చోవలసిన మనిషి. సిఫార్సు చేసింది నేనే.

మార్చి 20, గురువారం

ఎయిర్‌పోర్టులో నా ఫోటోతో బ్యానర్ కట్టారు. పళ్ళు మరీ తెల్లగా చేశారు.

మార్చి 21, శుక్రవారం

కారిడార్‌లో లామ్రియా ఎదురైంది. పక్కకి తప్పుకుందామని చూశాను గానీ ఆమె దారికడ్డంగా నిలబడింది. మీరు చెప్పలేదా కెప్టెన్ అని అడిగింది. సమయం చూసుకుని చెబుతాను అన్నాను. ఏ సమయం సార్, లంచ్ టైమా అంది.

చుట్టూ మనుషులున్నారు, గొంతు తగ్గించు అని చేత్తో సైగ చేశాను. అందుకు ఇంకా గట్టిగా అంది. మా ఊళ్ళో గొడవొస్తే కల్లు దుకాణంలో కూర్చుని అరుచుకుని తేల్చుకుంటాం సార్, తెల్లారేసరికి అయిపోతుంది. మీరు నవ్వుతూ, టీ పోస్తూ, మెల్లిగా చంపుతారు. ఇదేం పద్ధతి సార్?

తల కొట్టేసినట్టయింది. అయినా నవ్వాను. నవ్వకుండా ఎలా నిలబడాలో నాకెవరూ నేర్పలేదు.

మార్చి 24, సోమవారం

కొత్త బ్యాచ్‌కి రెండో క్లాసు. గత పాఠం గుర్తుందా అంటే వెనక బెంచీ నుంచి ఎవరో ఒజెక్ బండి అన్నారు. మళ్ళీ నవ్వులు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

కొర్నెలిస్‌ని లేపి, ఆ రోజు నువ్వడిగినదానికి జవాబు చెబుతాను అన్నాను. ఎంత టైం దొరికిందని అడిగావు. చాలా తక్కువ. కాఫీ కప్పు కింద పెట్టేంత. ఆ కాస్తలో మనిషి ఆలోచించడు, చెయ్యి తనకి అలవాటైంది చేసేస్తుంది. ఆ కెప్టెన్ తెలివితక్కువవాడు కాదు. అతని గురించి నేను జోకు వెయ్యకూడదు అన్నాను.

కుర్రాళ్ళు నిటారుగా కూర్చున్నారు. ఎంత గొప్ప మనిషి, ఒక ఇంజన్‌తో విమానం తెచ్చి కూడా ఎంత వినయం అనుకున్నారు. వాళ్ళ కళ్ళల్లో కనపడింది. నిజంలో సగం చెబితే దాన్ని కూడా దండ చేసి నా మెడలో వేశారు.

నేను వెక్కిరించినవాడు చచ్చిపోయాడు. నేను బతికున్నాను. అతని పక్కసీటులో లామ్రియా లేదు, అంతే తేడా.

మార్చి 31, సోమవారం. లెబరాన్

పండుగ. రంజాను ముగిసింది, పొద్దున్నే నమాజు. వెనింగ్ కోడి కూర వండి, కొబ్బరాకుల పొట్లాల్లో అన్నం ఉడికించింది. క్రైస్తవులైన ఇరుగుపొరుగు వాళ్ళు కేకులు పట్టుకొచ్చారు. పది గంటలకి నా శిష్యులు దిగారు. పాతవాళ్ళు, కొత్తవాళ్ళు, పెళ్ళాలతో, పిల్లలతో.

ఒకరి తర్వాత ఒకరు వంగి నా కుడి చెయ్యి అందుకుని, వెనకవైపు నుదుటికి ఆనించుకున్నారు. పెద్దవాళ్ళకి చేసే మర్యాద. ఒంటితో చేసిన తప్పులూ మనసుతో చేసిన తప్పులూ మన్నించండి సార్ అంటున్నారు. పండుగ మాట అది, అందరూ అందరికీ చెబుతారు. గీత మాని సన్నటి తెల్లచారగా మారింది. సరిగ్గా దాని మీదే అన్ని నుదుళ్ళూ ఆనాయి. ఒక చిన్నపిల్ల ముద్దు పెట్టింది.

చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. మర్యాద కాదు కదా.

ఏప్రిల్ 9, బుధవారం

ఆఫీసులో పండుగ కలయిక. అందరూ వరసలో నిలబడి ఒకరి చెయ్యి ఒకరు కలుపుతూ మన్నింపులు చెప్పుకుంటూ పోవాలి. ముస్లింలు, క్రైస్తవులు, బాస్, స్వీపర్, అందరూ. లామ్రియా కూడా వచ్చింది. రాకపోతే పొగరంటారు.

నేను వారం నుంచీ ఈ వరస మీదే ఆశ పెట్టుకున్నాను. ఆమె ముందుకి రాగానే చెయ్యి గట్టిగా పట్టుకుని, ఒంటితోనూ మనసుతోనూ చేసింది మన్నించు లామ్రియా అన్నాను. ఒంటితో అన్నచోట కొంచెం ఒత్తి పలికాను. అర్థమవుతుందనుకున్నాను. ఆమె కూడా అలాగే, మీరూ మన్నించండి కెప్టెన్ అనేసి తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి మనిషి టీ ఇచ్చే ఆవిడ. ఆవిడతోనూ అదే మాట.

అడిగేశాను కదా అని తేలిగ్గా ఇంటికొచ్చాను. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో గానీ, ఆ తేలికలో వెనింగ్‌కి అంతా చెప్పేశాను. పక్షి, లివర్, గోరు, ఊ, అన్నీ. ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండా వింది. చివరికి, ఆ అమ్మాయితో ఏ తప్పుకో చెప్పి అడిగారా అంది. లేదు, పండుగ మాటలోనే కలిపి అడిగాను అన్నాను.

మరి ఆ పిల్ల దేన్ని మన్నించినట్టు? పండుగకి మీరు పాలవాడిని కూడా మన్నించమన్నారు, పాలవాడికి మీరేం చేశారని? పాలల్లో నీళ్ళు కలిపేది వాడైతే! నవ్వించడానికి అనలేదు ఆ మాట. పళ్ళెం పక్కన పెట్టి, ఆ పిల్ల మా తమ్ముడి కూతురంత ఉంటుంది కదండీ అంది.

ఆడవాళ్ళ ముందు ఏడిస్తే చులకనైపోతామని మా నాన్న అనేవాడు. ఏడ్చాను. చులకనే అయ్యాను.

ఏప్రిల్ 14, సోమవారం. జకార్తా

సిమ్యులేటర్ డ్యూటీ. ఆరు నెలలకోసారి ప్రతి పైలట్ ఈ బొమ్మ కాక్‌పిట్‌లో కూర్చోవాలి. వెనకనుంచి నేను ఇంజన్ ఆపుతాను, వాళ్ళు కాపాడాలి.

నా కుర్చీలో కూర్చుని, మొదటి జంట టేకాఫ్ అవగానే ఎప్పటిలా వేలు చాపాను. చాపిన వేలు గాల్లో ఆగిపోయింది. వేలు వెళ్తున్నది రెండో నంబరు బటన్ మీదికి. ఆ బటన్ నా కుర్చీకి దగ్గర. ఒకటో నంబరు నొక్కాలంటే కాస్త ముందుకి వంగాలి. పదిహేనేళ్ళుగా నాకు నడుం నొప్పి. పదిహేనేళ్ళుగా నేను ఆపింది దాదాపు ఎప్పుడూ కుడి ఇంజన్నే. తరతరాల కుర్రాళ్ళు నా ముందు కూర్చుని కుడి లివర్ లాగుతుంటే, వెనకనుంచి నేనూ మనసులో కుడి లివరే లాగుతూ వచ్చాను.

మౌమెరెలో నా చెయ్యి పొరపాటు పడలేదు. నేర్చుకున్నదే చేసింది.

ముందుకి వంగి ఒకటో నంబరు నొక్కాను.

ఎడమసీటులో ఉన్నది నా దగ్గర నేర్చుకుని కెప్టెన్ అయినవాడు. కుడి లివర్ లాగేశాడు. పక్కసీటు కో-పైలట్ కూడా నా శిష్యుడే. అతనికి చూపించి, రెండో నంబరు, ఔనా అని అడిగే లాగాడు, అతను ఔనన్నాడు కూడా. తెర మీద సముద్రం పైకి లేచింది. బొమ్మ సముద్రమే. నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను.

రెండో జంటా అంతే. మూడో జంటలో కెప్టెన్ చెయ్యి కుడి వైపుకి వెళ్ళి, మధ్యలో ఆగి, సిగ్గుపడ్డట్టు ఎడమకి మళ్ళింది. చివర్లో ఖాళీ టైం ఉంటే, చూడటానికి నాతో వచ్చిన కొర్నెలిస్‌ని కూర్చోబెట్టాను, ఇంతవరకూ సిమ్యులేటర్ ఎక్కనివాణ్ణి. వాడు తడబడ్డాడు, చెమటలు పట్టాయి, డయల్స్ అన్నీ చూసుకున్నాడు. ఆలస్యంగానే అయినా ఎడమది పట్టుకున్నాడు. నా దగ్గర ఏమీ నేర్చుకోలేదు గనక.

లామ్రియా పని నేర్చుకున్నది వేరే కంపెనీలో. మేం బతికింది అందుకు.

మా కంపెనీలో సగానికి పైగా నా శిష్యులే. ఇవాళ కూడా ఎక్కడో ఒకచోట ఇద్దరు కలిసి ఒకే కాక్‌పిట్‌లో ఉన్నారు. పక్షులకి ఎడమా కుడీ పట్టింపు లేదు.

ఏప్రిల్ 17, గురువారం

విచారణ. పొడుగు బల్ల. ఒకవైపు సుబియక్తో, కంపెనీ పెద్దలిద్దరు, జకార్తా నుంచి వచ్చిన ప్రభుత్వ అధికారి ఒకాయన. రేపు గుడ్‌ఫ్రైడే సెలవు, సాయంత్రం ఫ్లైట్‌కి వెళ్ళిపోవాలని ఆయన మాటిమాటికీ గోడ గడియారం చూస్తున్నాడు. ఎదురుగా లామ్రియా ఒక్కతే. ఇస్త్రీ మడత నలగని యూనిఫాం. ఇంకో గంటలో ఆ యూనిఫాం విప్పించేస్తారని ఆ గదిలో అందరికీ తెలుసు.

సుబియక్తో నా మాట చదివి వినిపించి, ఇంతే కదా ప్రసోజో అని మా జావా భాషలో, ఎంతో ముద్దుగా అడిగాడు. మళ్ళీ ఒక ఊ చాలు. ఆ ఊ నాలుక చివరిదాకా వచ్చింది. ఇంత తెలిశాక కూడా వచ్చింది, అదే నాకు అన్నిటికన్నా సిగ్గు.

కాదు అన్నాను. ఇండోనేషియా భాషలో అన్నాను, ఎవరూ అర్థం మార్చడానికి లేకుండా. బాగున్న ఇంజన్ లాగింది నేను. సరిచేసింది ఈ అమ్మాయి. రికార్డు పెట్టె స్విచ్చు లాగనిది కూడా నేనే, కావాలనే లాగలేదు అన్నాను.

సుబియక్తో మొహం పాలిపోయింది. పండుగ పనులతో అలసిపోయాడండీ, కాసేపు బయట కూర్చోపెడదాం అన్నాడు. అలసిపోలేదు, ఇంకా ఉంది అని సిమ్యులేటర్ సంగతి మొదలుపెట్టాను. అప్పుడు లేచి నా పక్కకొచ్చి చెవిలో అన్నాడు. ఒరేయ్, నీ ఉద్యోగం నువ్వు పోగొట్టుకుంటావా, నీ ఖర్మ. పిల్లని కూడా వదిలేస్తాను. కానీ ఇది చెప్పకురా. చెబితే అందర్నీ ఆపాలి. ఈస్టర్‌కి ఫ్లైట్లన్నీ నిండి ఉన్నాయి, తెలుసా నీకు?

నిండి ఉన్నాయి కాబట్టే అన్నాను. మొత్తం చెప్పాను. బటన్, నడుం నొప్పి, తెర మీద లేచిన సముద్రం. నడుం నొప్పి అన్నప్పుడు ఎవరో ఫక్కుమన్నారు. నవ్వొచ్చే సంగతే మరి. ప్రభుత్వ అధికారి గడియారం చూడటం మానేశాడు. మళ్ళీ మొదటినుంచి చెప్పండి అని పెన్ను మూత తీశాడు.

అయ్యాక లామ్రియా కోసం మెట్ల దగ్గర నిలబడ్డాను. ఈసారి పండుగ మాట వాడలేదు. నీ చేత్తో బతికాను, నీ బతుకు తీయబోయాను, క్షమించు అన్నాను. చేతులు జేబుల్లో పెట్టుకున్నాను, ఆమె మర్యాదకి అందుకోవాల్సిన అవసరం రాకుండా.

లామ్రియా నా జేబుల వంక చూసి అంది. ఆ రోజు మీ చెయ్యి తోసేముందు నేనొక మాటన్నాను, అలారం మోతలో మీకు వినపడి ఉండదు. క్షమించండి కెప్టెన్ అన్నాను. పెద్దవాళ్ళ చెయ్యి తోస్తున్నాను కదా అని. కింద సముద్రం, రెండు ఇంజన్లూ లేవు, అయినా ముందు క్షమించండి అని, ఆ తర్వాత తోశాను. ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చుని ఆ ఒక్క మాటకి ఎంతసేపు పట్టి ఉంటుందా అనే ఆలోచిస్తున్నాను సార్.

ఇక నుంచి ముందు తోస్తాను, అంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. క్షమించానని గానీ క్షమించలేదని గానీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఏప్రిల్ 19, శనివారం

లామ్రియా మీద ఆరోపణలు ఎత్తేశారు. నా లైసెన్సు తీసుకున్నారు. ఆ బ్యానర్ విప్పుతుంటే చూడటానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. ఒక కొస తాడు తెగక, నా మొహం చాలాసేపు సగానికి వేలాడుతూ ఉంది. విప్పేవాడు నన్ను గుర్తుపట్టి, సారీ సార్ అన్నాడు.

ఏప్రిల్ 22, మంగళవారం

వెనింగ్ పెరట్లో బట్టలారేస్తూ ఆగి ఆకాశంలోకి చూసింది. ఏమండీ, ఇవాళ పొద్దుట్నుంచీ మీ ఫ్యాన్ల విమానాల చప్పుడు ఒక్కటీ లేదేమిటి అంది.

అది నేనే, అన్నాను.